ఇంగ్లీషుని ఇంకా జర్మానిక్ భాష అనడం సబబేనా?

కాకినాడ కాజా:
జర్మన్ బీ1 (మధ్య స్థాయి) పరీక్షకి చదువుతున్నాను. మొదటి క్లాసులోనే "ఇంగ్లీషు వచ్చు కదా, జర్మన్ దానికి అక్క వరస" అని ధైర్యం చెప్పారు. రెండూ జర్మానిక్ అనే ఒకే భాషా కుటుంబంలోవట. మదర్‌కి ముట్టర్, వాటర్‌కి వాస్సర్ వరకు బాగానే ఉంది. పేపర్ తెరిస్తే ఆ చుట్టరికం కనబడదు. ఎన్విరాన్‌మెంట్ అంటే ఉమ్‌వెల్ట్, ఎక్స్‌పీరియన్స్ అంటే ఎర్ఫారుంగ్, గవర్నమెంట్ అంటే రెగీరుంగ్. ఇవే ఫ్రెంచి పేపర్లో చూస్తే చప్పున తెలిసిపోతాయి. 1973లో అచ్చయిన ఒక లెక్క ప్రకారం దాదాపు 80 వేల ఇంగ్లీషు మాటల్లో ఫ్రెంచివి 28 శాతం, లాటిన్‌వి 28 శాతం, జర్మానిక్‌వి 25 శాతమే. పాత లేబుల్ ఎవరూ పీకలేదంతే అని నా వాదన.

హాంబర్గ్ వాసి:
అది నిఘంటువు లెక్క. అందులో 'అండ్'కీ ఒక ఓటే, ఎవరూ ఎరగని రోగం పేరుకీ ఒక ఓటే. ఐ, యూ, ఈజ్, నాట్, గో, కమ్, ఈట్ లాంటివి లేకుండా పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడండి చూద్దాం.

అయినా చుట్టరికం తేల్చేది మాటల సంఖ్య కాదు, ధ్వనుల వరస. ఇంగ్లీషులో 'ట' ఉన్నచోట జర్మన్‌లో 'త్స' గానీ 'స్స' గానీ వస్తుంది: టెన్–త్సేన్, వాటర్–వాస్సర్. 'ప' ఉన్నచోట 'ప్ఫ': యాపిల్–ఆప్ఫెల్, పెప్పర్–ప్ఫెఫర్. అన్నట్టు ఈ పెప్పర్ మన పిప్పలే. గ్రీకు, లాటిన్‌ల మీదుగా అంత దూరం వెళ్ళింది. జర్మన్‌లో ధ్వనులు మారకముందే చేరింది కాబట్టి దానికీ ఆ మార్పు తప్పలేదు. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఇంగ్లీషులోకి వచ్చిపడ్డ ఫ్రెంచి మాటలకి జర్మన్‌తో ఇలాంటి వరస కుదరదు. ఇంకోటి కాజాగారూ, మీ రెగీరుంగ్‌ది కూడా లాటిన్ ధాతువే!

కాకినాడ కాజా:
అయితే జర్మన్ కూడా అప్పులు చేసిందనేగా? నా వాదనకే బలం. ధ్వనుల వరస నాకు పరీక్షలో మార్కులు తేదండీ.

ఓరుగల్లు పిల్ల:
హాంబర్గ్ అన్నా, రోజువారీ మాటలు అప్పు తెచ్చుకోరన్నట్టు చెప్తున్నారు. 'దే', 'దెమ్' వైకింగుల భాష నార్స్ నుంచి వచ్చినవే, అదీ జర్మానిక్ కుటుంబంలోదే. సర్వనామాలే అప్పు తెచ్చుకున్నాక ఇంక ఏం మిగిలింది? విండో కూడా వాళ్ళదే. డేనిష్‌లో ఇప్పటికీ అది ఉంది. పక్కనున్న స్వీడిష్ మాత్రం దాన్ని వదిలి ఫోన్‌స్టెర్ అంటుంది, జర్మన్ ఫెన్‌స్టర్ లాగా. హాన్సా అనే వర్తక కూటమి వాళ్ళు జర్మన్ రేవు ల్యూబెక్ నుంచి ఓడలు నడిపిన కాలంలో అడగడం, చెల్లించడం లాంటి మాటలే ఉత్తర జర్మనీ నుంచి స్వీడిష్‌లోకి వెళ్ళాయి.

సొంత కుటుంబంలో తెచ్చుకున్న అప్పు కూడా పరాయిగానే వినిపించేది. ఇంగ్లండ్‌లో మొదట అచ్చుయంత్రం పెట్టిన కాక్స్‌టన్ 1490లో ఒక సంగతి రాశాడు. ఓడకి గాలి లేక థేమ్స్ దగ్గర ఆగిపోయిన వర్తకుల్లో ఒకడు ఓ ఇంటికి వెళ్ళి గుడ్లు కావాలని 'ఎగ్స్' అడిగాడు. ఆ ఇల్లాలు "నాకు ఫ్రెంచి రాదు" అంది. వాడికి ఒళ్ళు మండింది, ఎందుకంటే వాడికీ ఫ్రెంచి రాదు! ఇంకొకడు 'ఐరెన్' అన్నాక గానీ ఆమెకి అర్థం కాలేదు. ఐరెన్ ఆ ఊరి పాత మాట, జర్మన్‌లో ఇప్పటికీ అయర్. ఎగ్ నార్స్ మాట. చివరికి గెలిచింది ఎగ్.

పాత బడిపంతులు:
కాజా బాబూ, నీ శాతాల లెక్కన తెలుగు సంస్కృతం బిడ్డ అయిపోతుంది. ఒకప్పుడు పండితులు అలాగే అనుకున్నారు కూడా. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణంతో పాటు అచ్చయిన వ్యాసంలో మద్రాసు కలెక్టరు ఎల్లిస్ దొర మన ధాతువుల్ని తమిళ, కన్నడ ధాతువుల పక్కన పెట్టి ఆ మాట కాదన్నాడు.

వరస అంటే ఏమిటో మన ఇంట్లోనే చూసుకో. మనకి చెవి, కన్నడిగులకి కివి. ఇ, ఎ ముందున్న 'క' మన దగ్గర 'చ' అయింది. ఇంగ్లీషులోనూ అదే జరిగింది: డచ్ వాళ్ళ కాస్, జర్మన్ల కేజె ఇంగ్లీషులో చీజ్. నెదర్లాండ్స్ ఉత్తరాన మాట్లాడే ఫ్రిసియన్‌లో త్సీస్. ఇంగ్లీషుకి అందరికన్నా దగ్గరి చుట్టం ఆ ఫ్రిసియనే.

కాకినాడ కాజా:
తెలుగు దెబ్బ గట్టిగానే తగిలింది పంతులుగారూ. కానీ ఓరుగల్లు చెప్పినట్టు అప్పు కుటుంబం లోపలిదైతే మీ వరస దాన్ని పట్టుకోగలదా?

హాంబర్గ్ వాసి:
చాలాసార్లు పట్టుకుంటుంది. పాత ఇంగ్లీషులో 'స్క' కాస్తా 'ష' అయింది, నార్స్‌లో అలాగే ఉండిపోయింది. షర్ట్, స్కర్ట్ ఒకే మూలం నుంచి పుట్టినవి. షర్ట్ ఇంగ్లీషుది, స్కర్ట్ నార్స్‌ది. స్కై, స్కిన్ కూడా అలా వచ్చినవే.

ఓరుగల్లు పిల్ల:
మరి స్కూల్? అందులోనూ 'స్క' ఉంది, కానీ అది నార్స్ కాదు, లాటిన్ నుంచి వచ్చింది. సొంతం కాదని మీ సూత్రం చెప్తుంది గానీ, ఎవరిదో చెప్పదు కదన్నా.