తాతగారి లీవర్ రైఫిల్‌కు కొత్త పూత వేయించాలా, ఉన్నది ఉన్నట్టే ఉంచాలా?

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):

మా తాతగారు 1960లలో కొన్న మార్లిన్ 39ఏ లీవర్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి లీవర్‌ను కిందికి లాగి తూటా ఎక్కించేది) ఈ మధ్యే నా పేరు మీదికి వచ్చింది. పాయింట్ 22 (0.22 అంగుళాల) తూటాది. నాన్నగారు ముందే పోవడంతో వారసుడిగా నేనే దరఖాస్తు పెట్టుకున్నాను. లైసెన్సు చేతికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. అంతకాలమూ తుపాకి ఒక పోలీసు స్టేషన్‌లో ఉంది.

ఇప్పుడు దాని పరిస్థితి చెబుతాను. గొట్టం మీది నీలిపూత సగానికి పైగా పోయింది. ఎడమవైపు నాలుగు ఎర్రటి మచ్చలున్నాయి. భూతద్దం పెట్టి చూస్తే అవి వేలిముద్రలు! ఎవరో చెమట చేతులతో పట్టుకుని, తుడవకుండా అలాగే పెట్టేశారు. ముద్రలోని గీతలు కూడా తుప్పులో అచ్చు పడ్డాయి. మడమ చెక్కకు (భుజానికి ఆనించేది) మెడ దగ్గర వెంట్రుకంత పగులు ఉంది. లీవర్ కిందికి లాగుతుంటే మధ్యలో ఇసుక నలిగినట్టు చప్పుడు వస్తుంది.

లైసెన్సు ఉన్న ఒక మరమ్మతు దుకాణంలో చూపిస్తే, మొత్తం పాలిష్ పట్టి, కొత్త నీలిపూత వేసి, చెక్కకు మెరుగు పెడితే నిన్న కొన్నట్టు ఉంటుందన్నారు. మా అన్నయ్య వేయించమంటున్నాడు. మేనత్త ససేమిరా అంటోంది. తాతగారు నడుస్తూ పట్టుకునే చోట, లీవర్‌కు కాస్త ముందు, ఇనుము అరిగి వెండిలా తేలింది. అది పోతే ఇక ఆయనది ఏం మిగిలిందని ఆమె బాధ. నాకు పాలుపోవడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

నాపరాయి (కడప):

నా ఓటు మీ అన్నయ్యకే. పాత తుపాకికి కొత్త పూత వేస్తే విలువ పోతుందన్న మాట అమెరికా సేకర్తల నుంచి వచ్చింది. అక్కడ అలాంటివి లక్షల్లో ఉన్నాయి కాబట్టి మొదటి పూత చెడనిదానికి ఎక్కువ ధర పలుకుతుంది. మన దగ్గర 1980ల మధ్య నుంచి, క్రీడాకారులకు తప్ప, పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. ఇక్కడ కొనేవాడు అడిగేది ఒక్కటే: పని చేస్తుందా లేదా? పైగా నీలిపూత అలంకారం కాదు. ఇనుముకు అది చర్మం వంటిది. వేలిముద్రలే తుప్పయ్యాయని మీరే అంటున్నారు. చర్మం లేని ఇనుమును మే నెలలో ఎన్ని చేతులు తాకుతాయో, ఎన్నిసార్లు తుడుస్తారో ఆలోచించండి.

లంకమల:

ముప్పై ఏళ్లకు పైగా లైసెన్సు ఉన్న తుపాకుల మరమ్మతు దుకాణంలో పనిచేశాను. కాబట్టి కొంచెం పొడుగ్గా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందు పూత సంగతి పక్కన పెట్టండి. ఆ తుపాకి గుండ్లను ఎక్కడ వేస్తోందో చూశారా? గొట్టం లోపల గాడులు (గుండును గిరగిరా తిప్పే మెలి గీతలు) బాగున్నాయో లేదో తెలియకుండా పైపూత మీద డబ్బు పెట్టడం, పునాది చూడకుండా గోడలకు సున్నం వేయించడమే. మొదట గొట్టం, తర్వాత యంత్రాంగం, ఆ తర్వాత చెక్క, చివరికి పూత. నా వరస ఇదే.

పాయింట్ 22 గుండు మెత్తని సీసం, బరువు 2.6 గ్రాములే. అది గొట్టాన్ని అంత త్వరగా అరగదీయలేదు. ఈ గొట్టాలు నేను చూసినంతవరకు పాడయ్యేది శుభ్రం చేసే కడ్డీ వల్లే. మూతి వైపు నుంచి కడ్డీ దూర్చి లాగీ లాగీ అక్కడి అంచును ఒక పక్కకు అరగదీస్తారు. గుండు గొట్టాన్ని వదిలే చివరి క్షణంలో ఆ అంచు సమంగా లేకపోతే వెనకనుంచి వచ్చే గాలి ఒక పక్క ముందుగా తప్పించుకుని గుండును తోసేస్తుంది. మీ 39ఏలో ఒక గొప్ప సౌలభ్యం ఉంది. కుడివైపు పెద్ద మర ఒకటి ఉంటుంది, నాణెంతో కూడా తిప్పవచ్చు. అది విప్పితే తుపాకి రెండు ముక్కలవుతుంది, గొట్టాన్ని వెనక నుంచి శుభ్రం చేయవచ్చు. మీ తాతగారికి ఈ సంగతి తెలిసి ఉంటే మూతి బాగానే ఉంటుంది. వెలుతురు పట్టి చూడండి.

ఇక పాలిష్. నేను భయపడేది దానికే. పూత వేసేది కాగే క్షార లవణాల తొట్టిలో, దానితో ఇనుముకు పెద్ద నష్టం లేదు. నష్టమంతా అంతకుముందు తిరిగే గుడ్డచక్రం దగ్గరే జరుగుతుంది. చేయి తిరగనివాడు అర నిమిషం ఎక్కువసేపు ఆనిస్తే మర రంధ్రాల అంచులు పళ్లెంలా పల్లం పడతాయి, పలకల అంచులు గుండ్రబడతాయి, కంపెనీ అక్షరాలు నీళ్లలో తడిసిన సిరాలా మసకబారతాయి. అక్షరాలతో పాటు వరస నంబరు కూడా. మీ లైసెన్సు మీద ఉన్నది ఆ నంబరే కదా!

వేలిముద్రల తుప్పుకు పాలిష్ అక్కరలేదు. ఎర్ర తుప్పును మరుగుతున్న నీళ్లలో కొంతసేపు ఉంచితే అది నల్ల తుప్పుగా మారుతుంది. సన్నని ఉక్కు ఊలుతో పైపైన రుద్దితే వదులుగా ఉన్నది రాలిపోయి, నల్లటిది ఇనుమును అంటుకుని నిలుస్తుంది. అదీ ఒక పూతే. వెనకటి రోజుల్లో మంచి తుపాకులకు పూత వేసింది ఈ పద్ధతిలోనే: తుప్పు పట్టించడం, మరిగించడం, రుద్దడం, మళ్లీ మొదలు. మచ్చ మాయం కాదు. కానీ తినడం ఆపుతుంది.

మీ మేనత్తగారి మాటకు నేను తల వంచుతాను. ఆ అరిగిన చోటు నలభై ఏళ్ల నడక.

హంద్రీ (కర్నూలు):

ఇంట్లో ఎవరైనా చేయి పెట్టేలోపు ఒక మాట. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల తయారీ, అమ్మకంతో పాటు మరమ్మతుకు, పరీక్షకు కూడా వేరే లైసెన్సు ఉండాలి. మీకున్నది దగ్గర పెట్టుకోవడానికి ఇచ్చిన లైసెన్సు. తుడవడం, నూనె రాయడం మీ పని. మరిగించడం, భాగాలు మార్చడం, పగులు అతికించడం లైసెన్సు ఉన్న దుకాణం పని. లంకమల గారు నంబరు గురించి చెప్పింది ఇంకా ముఖ్యం. గుర్తింపు నంబరును చెరిపినా మార్చినా అదే చట్టం కింద నేరం. పాలిష్‌లో పొరపాటున పోయిందంటే ఎవరు నమ్ముతారు?

కాల్చి చూడటం కూడా అనుమతి ఉన్న రేంజిలోనే. చేనులోనో పెన్న ఇసుకలోనో కాదు. వేరే రాష్ట్రంలోని రేంజికి తీసుకెళ్లాలంటే మీ లైసెన్సు ఎంత ప్రాంతానికి చెల్లుతుందో ముందు చూసుకోండి. 2014 తర్వాత హైదరాబాద్ మనకు పక్క రాష్ట్రం.

వేరుశనగ (కళ్యాణదుర్గం):

నా ప్రశ్న మరొకటి. ఇంత శ్రమ దేనికి? మా ఊళ్లో అడవిపందులు ఒక్క రాత్రిలో అర ఎకరం వేరుశనగను పెళ్లగిస్తాయి. అయినా వాటి మీద తుపాకి ఎత్తడానికి లేదు, 1972 నుంచి వన్యప్రాణుల చట్టం ఉంది. అనుమతి ఉన్నా పాయింట్ 22 పందికి చాలదు, గాయపడి ఎక్కడో పడి మూడు రోజులు బాధపడి చస్తుంది. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకే చోటు. అందులో ఒకటి దీనికి ఇచ్చేస్తున్నారు. కాల్చడానికి వీల్లేకుండా చేయించి గోడకు తగిలించుకుంటే సరిపోదా?

మరో సందేహం. మా మామగారి దగ్గర పాత వించెస్టర్ లీవర్ రైఫిల్ ఉంది. దానికి మొన కోసుగా ఉన్న తూటాలు వేయకూడదంటారు. నిజమేనా?

లంకమల:

నిజమే. గొట్టం కింద ఉన్న నాళంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. ఒకదాని మొన ముందున్నదాని వెనక భాగానికి ఆనుతుంది. పెద్ద తూటాల్లో పేలుడు మూత (దెబ్బ తగిలితే మందును అంటించేది) సరిగ్గా అక్కడే, మధ్యలో ఉంటుంది. తుపాకి అదిరినప్పుడు కోసు మొన దాన్ని పొడిస్తే నాళంలోనే పేలవచ్చు. అందుకే వాటికి మొన చదునుగా ఉన్న గుండ్లు వాడతారు. పాయింట్ 22లో పేలుడు మందు వెనక అంచు చుట్టూ ఉంటుంది కాబట్టి ఈ భయం లేదు.

గోడకు తగిలించే మాట నాకు రుచించదు. చంపిన యంత్రానికి ఎన్ని దండలు వేసినా అది మళ్లీ లేవదు. కానీ అది వారి ఇంటి నిర్ణయం.

నాపరాయి:

లంకమల గారూ, మీ అనుభవం ముందు నేను చిన్నవాణ్ని. అయినా ఒప్పుకోలేను. నెలకోసారి నూనె రాసే యజమాని ఉంటే మీ మాట చెల్లుతుంది. 2024లో మార్చి 16న ఎన్నికల నియమావళి వచ్చింది. లైసెన్సు తుపాకులన్నీ పోలీసులకు అప్పగించాం. ఓట్లు మే 13న, లెక్కింపు జూన్ 4న. మా తుపాకి తిరిగి వచ్చేసరికి దాదాపు మూడు నెలలు. ఆ మూడు నెలలు మీ నల్ల తుప్పును ఎవరు తుడుస్తారు? మంచి పనివాడి చేతిలో గట్టి నీలిపూత వేయిస్తే ఆ దిగులు ఉండదు. పనివాడు చెడ్డవాడైతే తప్పు పూతది కాదు.

లంకమల:

మీ ప్రశ్న సరైనదే తమ్ముడూ, దానికి జవాబు లేకుండా నేను పూత వద్దనకూడదు. అప్పగించే ముందు గొట్టానికి తేనెమైనం పల్చగా పట్టించండి. నూనె వేడికి జారిపోతుంది, మైనం నిలుస్తుంది. తోలు సంచిలో మాత్రం పెట్టకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేసిన లవణాలు ఇనుమును తింటాయి. రశీదు మీద తుపాకి ఏ స్థితిలో ఇచ్చారో ఒక వాక్యం రాయించుకోండి. నీలిపూత కూడా చెమటను పూర్తిగా ఆపదు. వేలిముద్రలు పడ్డ చోట మొదట పూత ఉండే ఉంటుంది కదా?

పెన్నా ఒడ్డు:

రెండు నెలల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

దుకాణం వారితో గట్టిగా మాట్లాడి, పాలిష్ లేకుండా ముందు పరీక్షకు సిద్ధం చేయించాను. రేంజిలో 50 మీటర్ల దూరం, ఇసుక సంచి మీద ముందు చెక్కను ఆనించి (గొట్టాన్ని కాదు, అది మొదటి పాఠం) అయిదేసి తూటాలు కాల్చాను. మొదటి అయిదూ తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పున చెదిరాయి. గుండె జారింది. పక్కనున్న పెద్దాయన అట్ట దగ్గరికి నడిచి వెళ్లి రంధ్రాలను వేలితో తడిమి, "అన్నీ గుండ్రంగానే ఉన్నాయి, ఒక్కటీ అడ్డంగా పడలేదు, గొట్టం బతికే ఉంది" అన్నారు. గాడులు చచ్చిన గొట్టమైతే గుండు దొర్లుకుంటూ పోయి అట్టలో తాళంచెవి రంధ్రంలా కోసేదట.

తిరిగి దుకాణానికి. రెండు కారణాలు దొరికాయి. కుడివైపు పెద్ద మర బిగువు తప్పింది, రెండు ముక్కలూ ప్రతి దెబ్బకూ కదులుతున్నాయి. ఇక గొట్టం వెనక చివర సీసం పేరుకుంది. కంచు బ్రష్ పదోసారి బయటికి వచ్చినప్పుడు దాని కుచ్చుల్లో బూడిద రంగు రేకులు, చేప పొలుసుల్లా. లీవర్‌లోని ఇసుక చప్పుడు గట్టిపడిన పాత నూనె, అంతే. కిరసనాయిలుతో పోయింది. చెక్క పగుల్లోకి జిగురు ఎక్కించి బిగించారు. మన ఎండలకు చెక్క ఎండి కుంచించుకుపోవడం వల్లే పగిలిందన్నారు. మెరుగుపూత వద్దన్నాను, అవిసె నూనె మాత్రం చేత్తో పట్టించారు.

రెండోసారి రేంజికి వెళ్తే మొదటి మూడు గుండ్లు ఎటో పోయాయి. గొట్టంలో మిగిలిన నూనె వల్ల అలా అవుతుందని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. ఆ తర్వాత అవే తూటాలతో అయిదు గుండ్లు నాలుగు సెంటీమీటర్లలో పడ్డాయి. మరో రకం తూటాలతో రెండున్నర. ఒకే గొట్టానికి తూటాను బట్టి ఇంత తేడా వస్తుందని నాకు తెలియదు. అన్నీ కుడివైపు పడుతుంటే వెనక గురిపట్టీని ఎడమకు జరిపించాను. గుండు ఎటు పోవాలో వెనక పట్టీ అటు జరగాలి.

వేలిముద్రలను దుకాణంలోనే మరిగించారు. నల్లబడ్డాయి, ఇప్పుడు దగ్గరగా చూస్తే తప్ప కనబడవు. నీలిపూత వేయించలేదు.

నాపరాయి:

రెండున్నర సెంటీమీటర్లకు అభినందనలు, మనస్ఫూర్తిగా. నా మాట మాత్రం మారలేదు. వచ్చే వానాకాలం తర్వాత గొట్టం ఫోటో ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.

పెన్నా ఒడ్డు:

తప్పకుండా పెడతాను. నంబరు కనబడకుండా. తేనెమైనం నిన్ననే పట్టించాను, మేనత్త పక్కన కూర్చుని గుడ్డ అందించింది. వెండిలా అరిగిన చోటు తనే తుడిచింది.