సమస్య: గడ్డి కోసినంత గడ్డ పెరిగె

నిర్వాహకుడు: పొద్దున పెరట్లో తుంగ పీకుతుంటే ఈ పాదం తట్టింది. పూరించండి.

పొలంగట్టు:
తుంగ పైన కోసి తొలగె నంటిని కాని
నేల లోన గొలుసు నిలిచి యుండె
వాన పడిన నాడు వందలై మొలకెత్త
గడ్డి కోసినంత గడ్డ పెరిగె

మా మిరప మడిలో జరిగిందే రాశాను.

పాతపలక: "గొలుసు" దగ్గర ఆగిపోయాను. ఎంత నిజమైన మాట! తుంగముస్తెలు మట్టిలో దండ గుచ్చినట్టే ఉంటాయి. కొసన ఒకటి మొలిస్తే వెనకవి నిద్రపోతాయి, దండ తెగితే అన్నీ లేస్తాయి. కానీ తెంపేది నాగలి, కొడవలి కాదు. ఆకు మళ్ళీ మళ్ళీ కోస్తుంటే గడ్డలో పిండి తరిగి అదే నీరసిస్తుంది. "కోసినంత" అతకలేదు.

పొలంగట్టు: ఒక్కసారే కోసి వదిలేశానండీ, "తొలగె నంటిని" అన్నది అందుకే. మరుసటి ఎండాకాలం లోతు దుక్కి దున్ని గడ్డల్ని ఎండబెట్టాకే తగ్గింది.

చేమంతి:
కలుపు పనికి వచ్చి కత్తి పట్టిన దామె
పొద్దు వాలు దాక పొలము లోనె
పిడికి రాసి రాసి పేదరాలి యరచేత
గడ్డి కోసినంత గడ్డ పెరిగె

పాతపలక: మూడో పాదం చివర ఒక లఘువు ఎక్కువైంది. "పేద చేతుల లోన" అంటే సరి. పైగా చేతులు కాయలు కాస్తాయి, గడ్డలు లేవవు.

చేమంతి: గణం దిద్దుకుంటాను, గడ్డను మాత్రం వదలను. కాయ కాచేది అలవాటైన చేతికి. మా అమ్మ అరచేతిలో చీము పట్టి లేచింది గడ్డే. ఇంతకీ కిందటి సమస్యలో మీరు ఈ తుంగతోనే చాప అల్లించారు. మూరెడు కాడతో చాప ఎలా అల్లుతారండీ?

పాతపలక: ఒప్పుకుంటున్నాను, చాపకు వాడేది పొడుగు కాడల తుంగ. అయితే ముక్కోణపు కాడ, మూడు వరసల ఆకులు, కణుపు కనపడదు. తుంగ అసలు గడ్డి జాతే కాదు. దోషం సమస్యలోనే ఉంది.

నిర్వాహకుడు: ఊళ్ళో అందరూ తుంగగడ్డి అనే అంటారు. నాకు అదే ప్రమాణం.

మూలిక: గడ్డ తరఫున ఎవరూ మాట్లాడలేదు. జ్వరానికిచ్చే ఆరు మూలికల షడంగపానీయంలో ముస్త (ఈ తుంగ గడ్డే) తర్వాతే పర్పాటకం, వట్టివేరు, చందనం, కురువేరు, శొంఠి.

జ్వరము వచ్చె నింట వైద్యుడు ముస్తను
కాచి యిమ్మనంగ కరువు తీర
పెరటి తుంగ మాకు పెన్నిధి యయ్యెను
గడ్డి కోసినంత గడ్డ పెరిగె

పాతపలక: "జ్వ"కు "వై" యతి బాగా కుదిరింది. కలుపును పంట చేశారు. ఈసారి నా ఓటు మీకే.

చేమంతి: నాదీ మీకే, మూలిక గారూ. "కరువు తీర" ఒక్కటి మార్చండి, జ్వరం ఇంట్లో కరువు మాటెందుకు?