అప్‌డేట్: నెలలు నిండకుండా పుట్టిన పాప నవ్వడం లేదని అడిగాను కదా

32 వారాలకే పుట్టిన మా పాపకు 15 వారాలు వచ్చినా నవ్వడం లేదని, మెడ నిలపడం లేదని మూడు వారాల కిందట అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. "పుట్టిన తేదీ కాదు, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టండి" అన్నవారి మాటే నిజమైంది.

పిల్లల డాక్టరు చేసిన మొదటి పని ఆ తీసివేతే. నెలలు నిండడానికి పట్టే 40 వారాల్లోంచి 32 పోతే 8 వారాలు ముందు పుట్టింది. అంటే ఎదుగుదల విషయంలో అప్పటికి మా పాప 7 వారాల పసికందు! నవ్వు మొదలయ్యేదే ఆ రోజుల్లో. మెడ నిలవడానికి ఇంకా సమయముంది. సుమారు రెండేళ్ల వరకు ఇదే లెక్క. టీకాలు మాత్రం అసలు పుట్టిన తేదీ ప్రకారమే వేస్తారట. నేను దీన్ని సరిగ్గా తలకిందులుగా అనుకున్నాను.

కళ్లు, వినికిడి మళ్లీ పరీక్షించారు, బాగున్నాయి. పాలపొడి మార్చాలేమోనన్న నా బెంగకు ఆధారమే లేదు. మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే ఉండి, కాసేపు బోర్లా పడుకోబెట్టమన్నారు. పరుపు మీద ఏడుస్తుంది గానీ నా గుండెల మీద బోర్లా వేసుకుంటే బుద్ధిగా తల ఎత్తి చూస్తుంది. మా రోజులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పది నిమిషాలు అవే.

నవ్వు కూడా వచ్చింది. నాకోసం కాదు, వాళ్ల నాన్న తుమ్మినందుకు. అప్పటి నుంచి ఆయన దొంగ తుమ్ములు తుమ్ముతూనే ఉన్నారు.