"అందరితో పొందు, ఎవరితోనూ పొత్తు వద్దు": ఇందులో పొందు సరా, పొత్తు సరా?

చీరాల చదువరి:
నాలుగు రోజులుగా ఒక వాక్యం నన్ను వదలడం లేదు. మా నాన్నగారు బడిలో చరిత్ర చెప్పేవారు. అమెరికా తొలి అధ్యక్షుల పాఠం రాగానే బోర్డు మీద పెద్ద అక్షరాలతో "అందరితో పొందు, ఎవరితోనూ పొత్తు వద్దు" అని రాసి, కింద "వాషింగ్టన్" అని పెట్టేవారు. నాకు గుర్తున్నది ఇది. మా తమ్ముడు మాత్రం "పొందు కాదక్కా, రెండు చోట్లా పొత్తే. మొదటిది మంచి పొత్తు, రెండోది చిక్కు పొత్తు" అంటున్నాడు. నాన్నగారు లేరు, ఆ నోట్సు కూడా లేదు. పెద్దలెవరైనా తేల్చండి.

తెనాలి మాస్టారు:
ముందు సంతకం సరిచేద్దాం అమ్మా. ఆ మాట వాషింగ్టన్‌ది కాదు. 1801 మార్చి 4న జెఫర్సన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజు ప్రసంగంలోది. శాంతి, వర్తకం, నిజాయితీ గల స్నేహం అన్ని దేశాలతో. చిక్కుల్లో పడేసే కూటములు ఏ దేశంతోనూ వద్దు అని. వాషింగ్టన్ 1796 వీడ్కోలు లేఖలో వద్దన్నది "శాశ్వత" కూటములను. అత్యవసరమైతే తాత్కాలికంగా కలవొచ్చని కూడా ఆయనే రాశాడు. అది ప్రసంగం కూడా కాదు, ఫిలడెల్ఫియా పత్రికలో అచ్చయిన లేఖ.

డాలస్ నుంచి:
మాస్టారూ, నాన్నగారి పొరపాటుకు కారణం ఉంది. "చిక్కుకోవడం" అన్న క్రియ వాషింగ్టన్ లేఖలోనూ ఉంది. మన శాంతిని, సంపదను యూరప్ ఆశల "టాయిల్స్"లో ఎందుకు ఇరికించాలి అంటాడు. ఇక్కడ టాయిల్స్ అంటే శ్రమ కాదు, వేటగాడి వల. పాత అర్థం. తెలుగులో "ఉచ్చు" అంటే సరిగ్గా సరిపోతుంది. ఇద్దరి మాటా ఒక్కటై గుర్తుండిపోవడం సహజం.

పద్యప్రియ:
అసలు విషయం పొందు కదా! తిక్కన ఉండగా మనకు సందేహమెందుకు? విరాటపర్వంలో "వచ్చినవాడు ఫల్గునుడు" పద్యం చివర "ఇత్తఱిఁ బొందగు చేఁత నీతియౌ" అంటాడు. రెండు సేనలూ ఒకేసారి గెలవలేవు, పోరులో పెరగనూ వచ్చు, తరగనూ వచ్చు, కాబట్టి ఇప్పుడు పొందు మేలని. రాజనీతిలో పొందు అంటే సంధి అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? అక్కగారి జ్ఞాపకమే సరైనది.

ఓరుగల్లు విద్యార్థిని:
క్షమించండి, ఆ "పొందగు" మీద నాకు అనుమానం ఉంది. "పొందుగా" అంటే తగినట్టుగా, అనువుగా అని కూడా కదా. అప్పుడు "ఈ సమయానికి తగిన పని చేయడం నీతి" అన్న అర్థం వస్తుంది, సంధి అన్న మాటే పద్యంలో ఉండదు. "పొందు + అగు" అని విడదీస్తే ఒకటి, "పొందగు" అని ఒకే విశేషణంగా చదివితే ఇంకొకటి. మీరు మొదటిది ఎందుకు ఎంచుకున్నారు?

పద్యప్రియ:
సందర్భం వల్ల. పై మూడు పాదాల్లోనూ యుద్ధం వల్ల లాభం అనుమానమేనని చెప్పి, నాలుగో పాదంలో "తగినది చేయి" అని వదిలేస్తే తిక్కన తిక్కన ఎలా అవుతాడు? "అట్లుగాక" అన్నాడంటే పోరుకు ఎదురుగా ఇంకో మాట నిలబెట్టాడన్నమాట. ఆ ఇంకో మాటే పొందు.

ఓరుగల్లు విద్యార్థిని:
ఆ ఎదురు మాటను చెప్పకుండానే వినిపించడం కూడా తిక్కన పద్ధతే కదా అండీ. రెండు అర్థాలూ మోగేలా ఆ మాటనే ఎంచుకున్నాడని నా నమ్మకం.

కర్నూలు రైతుబిడ్డ:
మీరంతా పొందు దగ్గరే ఆగారు. పొత్తు సంగతి చూడండి. మా వైపు పొత్తు సేద్యం అంటే ఎద్దులు, ఖర్చు, పంట అన్నీ ఉమ్మడి. నష్టమొచ్చినా ఉమ్మడే. ఊరందరితో పొందికగా ఉంటాం, పొత్తు మాత్రం ఒకరిద్దరితోనే. అందుకే జెఫర్సన్ మాటకు "పొత్తు" ఒక్కటే చాలు, "చిక్కు" చేర్చక్కర్లేదు. చిక్కు పొత్తులోనే ఉంది. పొత్తుల మగడు పుచ్చి చచ్చాడని మా అవ్వ ఊరికే అనలేదు.

తెనాలి మాస్టారు:
బాగా చెప్పారు. అమెరికాకు తగిలింది అదే. 1778లో ఫ్రాన్స్‌తో పొత్తు కుదిరింది, దాని బలంతో స్వాతంత్ర్యం గెలిచారు. 1793లో ఫ్రాన్స్, బ్రిటన్ యుద్ధానికి దిగేసరికి ఆ పొత్తే మెడకు చుట్టుకుంది. జెఫర్సన్‌కు ఫ్రాన్స్ మీద మమకారం, ఆర్థిక మంత్రి హామిల్టన్ చూపు బ్రిటన్ వర్తకం మీద. ఇద్దరూ అప్పుడు వాషింగ్టన్ మంత్రివర్గంలోనే ఉన్నారు. వాషింగ్టన్ ఏప్రిల్ 22న ప్రకటన ఇచ్చాడు కానీ "తటస్థత" అన్న మాటే అందులో వాడలేదు. ఇరుపక్షాలతోనూ స్నేహంగా, పక్షపాతం లేకుండా ఉంటామన్నాడు. ఒక్క మాట తప్పించడానికి ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి!

డాలస్ నుంచి:
తటస్థం అంటే తటం మీద నిలబడటం. ఏట్లో ఇద్దరు కొట్టుకుంటుంటే గట్టున ఉండటం. పాపం అమెరికా ఓడలు ఏట్లోనే ఉన్నాయి. 1794లో బ్రిటన్‌తో జే సంధి చేసుకున్నారు, సెనేట్‌లో 20-10తో, సరిగ్గా మూడింట రెండు వంతులతో గట్టెక్కింది. దానికి ఫ్రాన్స్ మండిపడి అమెరికా ఓడలను పట్టుకోవడం మొదలుపెట్టింది. వాషింగ్టన్ తర్వాతి అధ్యక్షుడు ఆడమ్స్ కాలంలో 1798 నుంచి ప్రకటించని సముద్ర యుద్ధమే నడిచింది. 1800 ఒప్పందంతో గానీ ఆ పాత పొత్తు రద్దు కాలేదు.

పద్యప్రియ:
ఇది చదువుతుంటే సుమతి పద్యమే నోట్లో ఆడుతోంది.
"కూరిమి గల దినములలో
నేరము లెన్నఁడును గలుగ నేరవు మఱి యా
కూరిమి విరసంబైనను
నేరములే తోచుచుండు నిక్కము సుమతీ."
రెండో పాదంలో నేరము, నేరవు పక్కపక్కన పెట్టాడు. ఒకటి తప్పు, ఇంకోటి చేతకాకపోవడం. బద్దెన అనండి, ఎవరైనా అనండి, ఆ రెండు మాటలను ఎదురెదురుగా నిలబెట్టిన చేతికి మొక్కాలి.

ఓరుగల్లు విద్యార్థిని:
అవునండీ. అదీగాక ఆయన పొందు అనలేదు, పొత్తు అనలేదు, "కూరిమి" అన్నాడు. జెఫర్సన్ "నిజాయితీ గల స్నేహం" అన్నదానికి తెలుగు మాట కూరిమి అని నాకనిపిస్తోంది. "అందరితో కూరిమి, ఎవరితోనూ పొత్తు వద్దు."

కర్నూలు రైతుబిడ్డ:
బోర్డు మీద పొందు, పొత్తు రెండూ "పొ"తో మొదలైతేనే పిల్లలకు గుర్తుంటుంది. అక్కగారి నాన్నగారు అందుకే అలా రాసి ఉంటారు.

చీరాల చదువరి:
ఇప్పుడే తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించాను. "నాన్న బోర్డు మీద రాసినప్పుడు రెండో మాట కింద గీత గీసేవారు, గుర్తుందా?" అన్నాడు. నాకు గీత గుర్తుంది. దాని పైన ఉన్న మాటే కళ్లకు ఆనడం లేదు.