‘ప్రశ్న ఉత్పన్నం కాదు’: సభలో ఇచ్చే జవాబుల్లో ఈ మాటకు అర్థమేమిటి?

అడిగిన ప్రశ్న

మిత్రులకు నమస్కారం. శాసనసభ ప్రశ్నోత్తరాల ప్రతులు చదువుతుంటే చాలా చోట్ల (ఎ) భాగానికి ‘కాదండి’ అనీ, ఆ కింద (బి), (సి) భాగాలకు ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అనీ జవాబులు కనిపించాయి. సభ్యుడు అడిగిన ప్రశ్న అచ్చులో కళ్లెదుట ఉండగా అది పుట్టనే పుట్టదనడం ఏమిటి? మంత్రి జవాబు చెప్పనని మర్యాదగా అంటున్నట్టా? పత్రికల్లో కనిపించే ‘రాజీనామా ప్రశ్నే ఉత్పన్నం కాదు’ అన్న వాడుకకూ దీనికీ సంబంధం ఉందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు

అయ్యా, ముందుగా మాట సంగతి చూద్దాం. ‘ఉత్పన్నం’ అంటే పుట్టినది, పైకి వచ్చినది. దాని పక్కన ఉన్న ‘కాదు’ మిమ్మల్ని కొంత తికమక పెట్టి ఉంటుంది. ‘ఇది పుస్తకం కాదు’ అన్నప్పటి కాదు వేరు, ‘ఆ పని ఇవాళ కాదు’ అన్నప్పటి కాదు వేరు. రెండోది ‘అవు’ అనే క్రియకు వ్యతిరేక రూపం. ఇక్కడ ఉన్నది ఆ రెండోదే కనుక ‘ఉత్పన్నం కాదు’ అంటే ‘ఉత్పన్నమవదు’, అంటే తలెత్తదు అని అర్థం. రాజీనామా విషయంలో పత్రికలు రాసేది ‘ఆ ఊసే లేదు’ అన్న గట్టి నిరాకరణ. సభలో ఇదే మాట కేవలం ఒక షరతు తీరలేదని చెబుతుంది, అందులో కోపమూ ఉండదు, శపథమూ ఉండదు.

ఆ షరతు ఎక్కడుందో తెలియాలంటే ప్రశ్న రాసే తీరు చూడాలి. మంత్రిగారు దయచేసి ఈ క్రింది విషయములు తెలియజేయుదురా అని మొదలుపెట్టి, (ఎ) ఫలానాది జరిగిన మాట వాస్తవమేనా, (బి) అయినచో ఆ వివరములేవి, (సి) తీసుకున్న చర్యలేవి అని భాగాలుగా విడగొట్టడం ఆనవాయితీ. (బి) మొదట్లో ఉన్న ‘అయినచో’ను గమనించండి. (ఎ)కు జవాబు అవును అయితేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. అక్కడ ‘కాదండి’ అని వచ్చిందంటే (బి)నీ, దాని వెనుక నిలబడ్డ (సి)నీ విప్పవలసిన అవసరం శాఖకు ఉండదు. అంటే మంత్రి నిరాకరించలేదు, సభ్యుడే తన వాక్యంతో ఆ వెసులుబాటు ఇచ్చారు.

ఊహించి ఒక ఉదాహరణ చెబుతాను. ఒక ఊరి చెరువు కట్టకు గండి పడిన మాట వాస్తవమేనా, అయినచో మరమ్మతుకు ఎంత మంజూరైంది అని ఒక సభ్యుడు అడిగారనుకుందాం. నిజానికి దెబ్బతిన్నది కట్ట కాదు, తూము. నీళ్లు పోయాయి, పొలాలు ఎండాయి, ఊరంతటికీ సంగతి తెలుసు. అయినా ‘కాదండి, ప్రశ్న ఉత్పన్నం కాదు’ అన్న జవాబు అక్షరాలా సరైనదే. ఒక్క నామవాచకం తప్పిపోవడంతో ప్రశ్న మొత్తం కూలిపోయింది. దాన్నే ‘ఆ చెరువు కట్టకు, తూముకు, అలుగుకు గత మూడేళ్లలో ఏయే మరమ్మతులు మంజూరయ్యాయి, ఎంత ఖర్చయింది, ఏ తేదీకి పని ముగిసింది’ అని అడిగి ఉంటే తప్పించుకునే సందు చాలావరకు మూసుకుపోయేది.

తెలుగులో ప్రశ్నలు రెండు జాతులు. వాక్యం చివర ‘ఆ’ చేరి అవును, కాదు అన్న జవాబును కోరేది ఒకటి; ఎవరు, ఎంత, ఎన్ని, ఎప్పుడు, ఏ అన్న ఎకార పదాలతో నడిచేది మరొకటి. ‘వాస్తవమేనా’ మొదటి జాతిది. అందులో ‘ఆ’కు ముందున్న ‘ఏ’ అవధారణార్థకం, అంటే మాటను నొక్కి చెప్పేది. ‘వాస్తవమా’ అనడంలో తెలుసుకోవాలన్న కోరిక ఉంటే, ‘వాస్తవమేనా’ అనడంలో ‘మాకు ముందే తెలుసు, మీ నోట చెప్పండి’ అన్న పోటు ఉంటుంది. వాదనలు, వ్యంగ్యోక్తులు, నిందలు ప్రశ్నలో ఉండరాదని లోక్‌సభ నియమావళి చెబుతుంది, ప్రశ్న సాధారణంగా 150 మాటలు దాటరాదని కూడా అంటుంది. అలాంటి కట్టుబాటు ఉన్న చోట కూడా ఒక్క ఏకారం చల్లగా లోపలికి జొరబడగలదంటే తెలుగువాడిగా నాకు ముచ్చటేస్తుంది.

రాతపూర్వక జవాబు కోరే ప్రశ్నలో ఈ వ్యాకరణం ఇంకా ముఖ్యం. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకు నక్షత్ర గుర్తు ఉంటుంది. వాటిలో సభలో వంతు వచ్చినవాటికి మంత్రి నోటితో జవాబు చెబుతారు, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. ‘కట్ట కాకపోతే తూము సంగతేమిటి’ అని అక్కడికక్కడే నిలదీసే వీలుంది. నక్షత్ర గుర్తు లేనివి రోజుకు 230 వరకు ఉంటాయి. వాటికి కాగితం మీద జవాబు వస్తుంది, అనుబంధ ప్రశ్నకు చోటు లేదు. కనుక సభ్యుడు నోటీసు రాసేటప్పుడే, ఎదుటివారు ఎటు తప్పుకోగలరో ఊహించి ఆ దారిలో ముందే నిలబడాలి. పత్రికలు మొదటి రకాన్నే పట్టించుకుంటాయి గానీ, ప్రభుత్వాన్ని అంకెల్లో పట్టుకోవడానికి నా దృష్టిలో రెండో రకమే పదునైన పనిముట్టు.

2020 సెప్టెంబరు సమావేశాలను ఇందుకు చూడవచ్చు. కోవిడ్ కారణంగా ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని తీసివేశారు, రాతపూర్వక జవాబులు మాత్రమే మిగిలాయి. లాక్‌డౌన్‌లో సొంత ఊళ్లకు వెళ్తూ మరణించిన వలస కార్మికుల గురించీ, వారి కుటుంబాలకు పరిహారం గురించీ లోక్‌సభలో అడిగితే, సెప్టెంబరు 14న కేంద్ర కార్మిక శాఖ అలాంటి సమాచారం తమ వద్ద లేదని చెప్పింది. పరిహారం భాగానికి, పై జవాబు దృష్ట్యా ప్రశ్న ఉత్పన్నం కాదని రాసింది. ఇక్కడ ‘కాదండి’ లేదు, మరణాలు జరగలేదని ఎవరూ అనలేదు. లెక్క లేదు కనుక పరిహారం ప్రశ్న పుట్టదన్నారు. ‘అయినచో’ అన్న షరతు నుంచి సహజంగా వచ్చే జవాబు ఇది కాదు. ‘లెక్క లేదు’ను ‘జరగలేదు’తో సమానం చేసిన జవాబు. ఈ మాటను అనరాని చోట అన్న సందర్భంగా నేను దీన్ని లెక్కిస్తాను.

అయితే అదే వారంలో రాజ్యసభలో, లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం నడిపిన శ్రామిక్ రైళ్లలో ప్రయాణిస్తూ మరణించినవారి గురించి రైల్వే శాఖను అడిగితే, సెప్టెంబరు 9 వరకు 97 మంది అని అంకె వచ్చింది. రైల్లో మరణం సంభవిస్తే సాధారణంగా పోలీసు కేసు, పంచనామా, పోస్టుమార్టం ఉంటాయి, అంటే కాగితం పుడుతుంది. కాగితం ఏ కార్యాలయంలో పుడుతుందో ఎరిగి, ఆ శాఖనే, ఆ కాగితం గురించే అడిగిన ప్రశ్నకు ‘సమాచారం లేదు’ అనడం కష్టం. ‘ఎందరు’ అని అడిగితే సరిపోదు, ఆ ‘ఎందరు’ను రాసిపెట్టుకోవలసిన బాధ్యత ఎవరిదో కూడా తెలిసి అడగాలి.

మరొక సభ్యుని వ్యాఖ్య

వివరణ బాగుంది గానీ ‘వాస్తవమేనా’ను మరీ తక్కువ చేశారనిపిస్తోంది. ప్రశ్నలో ఏదైనా ప్రకటన ఉంటే దాని నిజానిజాలకు సభ్యుడే బాధ్యుడు. తన చేతిలో ఉన్నది ఒక పత్రికా వార్తో, ఎవరో చెప్పిన మాటో అయినప్పుడు దాన్ని తన మాటగా చెప్పలేడు. అలాగని అడగకుండానూ ఉండలేడు. ‘వాస్తవమేనా’ అతనికి ఆ ఇరుకులో దారి చూపుతుంది. పైగా మంత్రి అవుననో కాదనో రాసి ఇచ్చాక అది సభ రికార్డులో నిలుస్తుంది. 1957లో కొత్తగా జాతీయం చేసిన జీవిత బీమా సంస్థ, వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాల్లో సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలు పెట్టిన సంగతి మొదట పార్లమెంటులో ప్రశ్నల రూపంలోనే వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 16న లోక్‌సభ సభ్యుడు ఫిరోజ్ గాంధీ సభలో దాన్ని విప్పి చూపారు, ఛాగ్లా కమిషన్ విచారణ జరిపింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అవును, కాదు అని అడగడం కూడా ఒక్కోసారి అంత దూరం తీసుకుపోతుంది.

తిరుగు జవాబు

బాధ్యత గురించి మీరన్నది సరైన మాట, నేను దాన్ని చెప్పి ఉండవలసింది. నా అభ్యంతరం ‘వాస్తవమేనా’ మీద కాదు, మిగతా భాగాలన్నింటినీ దాని కొక్కేనికే తగిలించడం మీద. (ఎ)లో వాస్తవమేనా అని అడిగి, (బి)లో ‘అయినచో’ లేకుండా విడిగా నిలబడగల ‘ఎంత’నో ‘ఎప్పుడు’నో పెడితే రెండు ప్రయోజనాలూ దక్కుతాయి. ఆ జవాబూ చాలకపోతే, ప్రజా ప్రాముఖ్యం ఉన్న విషయమైతే, లోక్‌సభలో దాని మీద అరగంట చర్చకు నోటీసు ఇవ్వవచ్చు.

ఒక్క సంగతి కలుపుతాను. ‘ఉత్పన్నం కాదు’ కంటే పాఠకుణ్ణి ఎక్కువ విసిగించేది ‘సమాచారం సేకరిస్తున్నాము, సభ ముందుంచుతాము’ అన్న జవాబు. విచిత్రంగా సభ్యుడికి ఇదే మేలు. లోక్‌సభలో ఇలాంటి పదబంధాలను హామీలుగా పరిగణిస్తారు. ‘విషయం పరిశీలనలో ఉంది’ అనడం కూడా ఆ కోవలోదే. మూడు నెలల్లో హామీ తీర్చాలి, లేదంటే గడువు పొడిగించమని అడగాలి. తీరిందా లేదా చూడడానికి 1953 నుంచి ప్రభుత్వ హామీల సంఘం ఉంది. ‘కాదండి’ అంటే ఫైలు మూతబడుతుంది, ‘సేకరిస్తున్నాము’ అంటే తెరిచే ఉంటుంది.

ఇక అనువాదం విషయం. ‘ఉత్పన్నం కాదు’ అన్నది ఇంగ్లీషు జవాబుల్లోని ‘does not arise’కు తెలుగు. మొదట అడిగిన మిత్రుడికి కలిగిన సందేహం ఆ ప్రతులు చదివే చాలామందికి కలుగుతుంది. ‘ఉత్పన్నం కాదు’ స్థానంలో ‘తలెత్తదు’ అని రాస్తే తెలుగు తేలికవుతుంది గానీ సందేహం తీరదు. ‘(ఎ)కు జవాబు కాదు అయినందున ఈ భాగానికి జవాబు అవసరం లేదు’ అని రాయడమే నాకు మేలనిపిస్తుంది. వాక్యం కొంచెం పొడవే, కానీ కారణం చెప్పకుండా తప్పుకునే వీలు దానిలో ఉండదు.