పత్తి విత్తనాల పీసీఆర్‌లో సీపీ4 జన్యువుకి 36-37 సీటీ: దుమ్మా, నిజంగానే కలుషితమా?

హైదరాబాద్‌లో విత్తన పరీక్ష ల్యాబ్. పీసీఆర్ అంటే డీఎన్ఏ ముక్కను రెట్టింపు చేస్తూ పట్టే పరీక్ష; సీటీ అంటే సిగ్నల్ కనబడే సైకిల్ సంఖ్య, అది ఎక్కువైతే ఆ డీఎన్ఏ తక్కువున్నట్టు. అనుమతి లేని గడ్డిమందు తట్టుకునే పత్తి కలిసిందేమో చూడాలి. 35ఎస్ ప్రమోటర్ (జన్యువుని పనిచేయించే డీఎన్ఏ ముక్క) ఇక్కడ పనికిరాదు, మామూలు బీటీ పత్తిలోనూ ఉంటుంది. అందుకే గడ్డిమందు తట్టుకునే గుణమిచ్చే సీపీ4 ఈపీఎస్‌పీఎస్ జన్యువునే నేరుగా పట్టే ప్రైమర్లు (చిన్న డీఎన్ఏ ముక్కలు) వాడుతున్నాం.

100 గింజలు మిక్సీలో పొడి చేసి, 100 మి.గ్రా. తీసుకుని సీటాబ్‌తో (డీఎన్ఏ బయటికి తీసే ద్రావణం) 65 డిగ్రీల దగ్గర గంట ఉంచుతున్నాం. 2% పీవీపీ (పాలీఫినాల్స్‌ని పట్టుకునే పొడి) వేసినా ద్రావణం డికాషన్ రంగులోనే వస్తోంది. డీఎన్ఏ శుద్ధత చెప్పే 260/230 నిష్పత్తి 1.1, అంటే తక్కువే. పత్తి సొంత జన్యువు శాహ్7కి సీటీ 24. పదింతలు పలచన చేస్తే 27.3 రావాలి, 25.5 వస్తోంది. అంటే పాలీఫినాల్స్ (గింజలోని గోధుమరంగు తెచ్చే పదార్థాలు) పీసీఆర్‌ని అడ్డుకుంటున్నట్టే.

సీపీ4 సిగ్నల్ మూడు ట్యూబుల్లో రెండింట్లోనే వస్తోంది. డీఎన్ఏ బదులు నీళ్లు వేసిన కంట్రోల్ ట్యూబులో సిగ్నల్ లేదు. నా లెక్కలో వందలో ఒక్క గింజ కలిసినా 31-32 దగ్గరే కనబడాలి. 36 అంటే పాత నమూనాల దుమ్మనే అనుమానం: మిక్సీ జార్ రబ్బరు వాషర్ కింద పాత గింజల నూగు ఇరుక్కుని కనిపించింది.

తెలిసినవాళ్లు చెప్పండి:

జార్‌ని బ్లీచింగ్ ద్రావణంతో కడిగి, మధ్యలో బియ్యం పొడి కొట్టి దాన్నే బ్లాంక్‌గా (పత్తి లేని కంట్రోల్‌గా) నడిపితే సరిపోతుందా? గోధుమరంగు పోవడానికి పీవీపీ పెంచాలా, కాలమ్ శుద్ధి (డీఎన్ఏని ఫిల్టర్ గొట్టంలో కడగడం) తప్పదా? సీపీ4 మూలం ఆగ్రోబాక్టీరియం అనే మట్టి బాక్టీరియా కదా, గింజకంటిన మట్టి వల్ల సిగ్నల్ వచ్చే వీలుందా? 1% కలుషితాన్ని 95% నమ్మకంతో పట్టాలంటే 300 గింజలు కావాలి. వాటిని వంద చొప్పున మూడు భాగాలుగా విడగొట్టి పొడి చేస్తున్నారా, అన్నీ ఒకేసారా?