ఫ్రీవీల్ బిగిస్తాం, క్యాసెట్ తొడుగుతాం

మన తెలుగు మాటల గ్రూపు సభ్యులకు నమస్కారం. సైకిలు గొడవ ఇక్కడెందుకు అనకండి. చివరికి తేలేది మాట గొడవే.

మా బాబాయి తొంభైల్లో అమెరికా నుంచి వచ్చేసేటప్పుడు తెచ్చుకున్న గేర్ల సైకిలు ఈమధ్య నా చేతికొచ్చింది. వెనక చక్రానికి షిమానో కంపెనీ హబ్బు, అంటే చక్రం మధ్య భాగం, దానిమీద ఏడు పళ్ళచక్రాలు. చిన్నవాటి పళ్ళు అరిగి ఒక పక్కకి వాలిపోయాయి. వంతెన ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే చైను ఠక్కుమని జారుతోంది. విజయవాడలో ఒక షాపుకెళ్ళి "వెనక గేర్ల సెట్టు మార్చాలండీ, ఏడుది" అన్నాను. "ఫ్రీవీలే కదా?" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. "అదే" అన్నాను. ఆ "అదే" ఖరీదు ఏడొందలు.

తెలిసినవాళ్ళ దగ్గర పనిముట్లు అరువు తెచ్చి పాతది ఊడదీశాను. చూస్తే హబ్బు మీద బయటివైపు మర లేదు, పొడుగునా గాళ్ళున్నాయి. నేను కొన్నదాని లోపలేమో సీసా మూతకున్నట్టు మర. మర్నాడు పట్టుకెళ్తే షాపు లోపల పనిచేసే పెద్దాయన బయటికొచ్చి, ఫోన్లో హబ్బు ఫొటో చూసి, "ఇది బిగించే రకం కాదు సార్, తొడిగే రకం. ముందే చెప్పొద్దూ!" అన్నాడు.

బిగించేది ఫ్రీవీల్, తొడిగేదాన్ని ఇంగ్లీషులో క్యాసెట్ అంటారు. షాపులో మాత్రం రెండూ ఫ్రీవీలే. పేరు ఒకటే, క్రియలు రెండు. ఈ రెండింటికీ వేరువేరు తెలుగు పేర్లు ఎవరైనా వాడుతుండగా విన్నారా? లేకపోతే ఏం పెట్టుకుందాం?

ఒక సభ్యురాలు: పళ్ళగుత్తి. తాళాలగుత్తి ఉండగా ఇదెందుకు ఉండకూడదు?

ఇంకొకరు: వంకాయ గుర్తొస్తోందండీ.

వరంగల్ మిత్రుడు: అన్నా, మా దగ్గర పళ్ళు కాదు, పండ్లు. దువ్వెన పండ్లు, రంపం పండ్లు. కాబట్టి పండ్లగుత్తి. అప్పుడు మామిడిపండ్లు అనుకుంటారు, అది వేరే సంగతి. మాట వచ్చింది గనుక చెప్తున్నా, హిందీలో ఈ ఫ్రీవీల్ పాడైతే "కుత్తే ఫెయిల్" అంటారు. లోపల పళ్ళని పట్టుకునే చిన్న ఇనుప నాలుకలుంటాయి కదా, అవే కుక్కలు. అవి పట్టు వదిలేస్తే పెడల్ తిరుగుతుంది, బండి కదలదు. హైదరాబాదులో నేను చిన్నప్పుడు ఆ మాట విని, సైకిలు వెంట కుక్కలు పడ్డాయేమో అనుకున్నా.

రిటైరైన తెలుగు మాస్టారు: క్యాసెట్ అన్న మాటకి మూలం ఫ్రెంచి. చిన్న పెట్టె అని అర్థం. అంటే మన భరిణె. పాటల క్యాసెట్టుకి ఆ పేరు సరిపోయింది, అది పెట్టే. ఈ పళ్ళచక్రాల వరసలో పెట్టె ఎక్కడుంది నాయనా? అన్నీ కలిపి ఒక్క కట్టగా పెట్టి తీస్తారు గనుక ఆ పేరు అంటించినట్టున్నారు. కుంకుమ భరిణెలాగా సైకిలు భరిణె అనమని నేను అననులే. అయితే ఒక సందేహం. రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నప్పుడు పేర్లు రెండెందుకు?

నేను: మాస్టారూ, అసలు తిరకాసు అక్కడే. తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది కదా, టకటకమని చప్పుడు చేస్తూ. ఆ చప్పుడు చేసే యంత్రం ఎక్కడుందన్నదే తేడా. ఫ్రీవీల్లో అది పళ్ళచక్రాల కడుపులోనే ఉంటుంది. పాతది తీసి కొత్తది పెడితే యంత్రం కూడా కొత్తదే వస్తుంది. క్యాసెట్ రకంలో అది హబ్బుకే ఉండిపోతుంది, మనం మార్చేది ఉత్త చక్రాలని. షిమానో వాళ్ళు 1978లో ఇలాంటి హబ్బు తెచ్చాక మెల్లగా మంచి గేరు సైకిళ్ళన్నీ అటు మళ్ళాయి. చవక సైకిళ్ళకి ఇప్పటికీ ఫ్రీవీలే.

ఊడదీయకుండా కనిపెట్టే ఉపాయం పెద్దాయన చూపించాడు. చక్రం చేత్తో పట్టుకుని పళ్ళని వెనక్కి తిప్పాలి. మధ్యలో పానా దూరే భాగం పళ్ళతోపాటు తిరిగితే క్యాసెట్. పళ్ళు తిరుగుతున్నా అది కదలకుండా ఉంటే ఫ్రీవీల్. రెండు సెకన్ల పని. ఆ రెండు సెకన్లు నేను ముందు రోజు కేటాయించి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు.

మాస్టారు: అలాగా. మరి "బిగించు" ఒకదానికే చెందుతుందంటావేం? తొడిగినదాన్ని కూడా ఏదో ఒకటి పెట్టి బిగించాలిగా?

నేను: బిగించాలి. చివర లాక్‌రింగ్ అని ఒక బిళ్ళ ఉంటుంది, దాన్ని గట్టిగా బిగించాలి, 40 న్యూటన్ మీటర్లు అని దానిమీదే రాసి ఉంది. కానీ అది కాపలా మాత్రమే. చేతికి గాజులు తొడిగాక జారకుండా చివర బిగువు గాజు వేస్తామే, అలాంటిది. తొక్కే బరువు మోసేది గాళ్ళు.

ఫ్రీవీల్ సంగతి ఇంకా తమాషా. దాన్ని చేత్తో తిప్పి వదిలేస్తే చాలు, తొక్కుతున్నకొద్దీ అదే బిగుసుకుంటుంది. మర తిరిగే వైపూ చైను లాగే వైపూ ఒకటే కనుక. పదేళ్ళ తర్వాత తీయాలంటే అందుకే ప్రాణం పోతుంది. కాబట్టి నా మాట నేనే దిద్దుకుంటున్నాను: ఫ్రీవీల్‌ని బిగించం, అది బిగుసుకుంటుంది. క్యాసెట్ తనంతట తాను ఏమీ చేసుకోదు, దాన్ని తొడగాలి. ఈ "బిగించు, బిగుసుకొను" తేడా చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ వ్యాకరణంలో దొరుకుతుందండీ?

మాస్టారు: ఒప్పుకున్నాను. "తొడుగు" నామవాచకంగా కూడా ఉంది. దిండు తొడుగు, వేలి తొడుగు. కాకపోతే తొడుగు అంటే కప్పేది అన్న అర్థం వచ్చేస్తుంది.

వరంగల్ మిత్రుడు: దిండు గలీబు అంటాం మేం.

గేరు సైకిళ్ళు బాగుచేసుకునే అలవాటున్న ఒకరు: భాష సంగతి మీరు చూసుకోండి గానీ, పోస్టు పెట్టినాయన మళ్ళీ డబ్బు పోగొట్టుకోకుండా ఒక మాట. క్యాసెట్ అని అడిగితే ఎనిమిదిది చేతిలో పెడతారు, మార్కెట్లో అది ఎక్కువ దొరుకుతుంది. ఏడు చక్రాల పాత హబ్బు మీద గాళ్ళ పొడుగు తక్కువ. ఎనిమిదిది తొడిగితే చివరి చక్రం గాళ్ళు దాటి బయటికొస్తుంది, లాక్‌రింగ్ మర అందదు. దీనికి తిరగేసిన కేసులో, అంటే ఎనిమిది పట్టే హబ్బు మీద ఏడుది పెట్టాలంటే, వెనకాల 4.5 మిల్లీమీటర్ల రింగు ఒకటి వేస్తే సరిపోతుంది. పొడుగుని నింపగలం గానీ సాగదీయలేం కదా.

ఇంకోటి. గాళ్ళన్నీ ఒకే వెడల్పున్నాయా, ఒకటి మిగతావాటికి భిన్నంగా ఉందా చూడండి. ఒకటి తేడాగా ఉంటే ఇప్పటి ఏడు చక్రాల క్యాసెట్ పడుతుంది. అన్నీ సమానంగా ఉంటే అది ఇంకా పాత రకం, దాంట్లో లాక్‌రింగే ఉండదు. అన్నిటికన్నా చిన్న చక్రానికే మర ఉండి, అదే మిగతావాటికి తాళమవుతుంది. దానిమీద కొత్త క్యాసెట్ ఎక్కాలంటే దాని లోపలివైపు, గాళ్ళలో కూర్చునే పళ్ళలో వెడల్పుదాన్ని ఆకురాయితో అరగదీయాలి.

నేను: ఒకటి తేడాగానే ఉందండీ. బతికిపోయాను.

ఒక సభ్యురాలు: హబ్బుకి తెలుగు మాట లేదా? నాభి ఉందిగా.

ఇంకొకరు: షాపులో "నాభి చూపించండి" అని అడిగి వచ్చి చెప్పండి.

మాస్టారు: హబ్బు మధ్యలో దూరే కడ్డీకి ఇరుసు అన్న మాట నిక్షేపంగా ఉంది. చక్రపు పుల్లలకి ఆకులనే మాటా ఉంది, ఎడ్లబండి తెలిసినవాళ్ళకి ఇప్పటికీ తెలుసు. సైకిలుకి మాత్రం పుల్లలో, స్పోకులో. ఇంగ్లీషు పేరుతో వచ్చిన వస్తువు పాత పేరు పెట్టుకోవడానికి ఎందుకో సిగ్గుపడుతుంది.

నేను (నాలుగు రోజుల తర్వాత): పని అయింది. ఏడు చక్రాలదే దొరికింది, చైనుతో సహా మార్చాను. పాత చైను కొత్త పళ్ళని తినేస్తుందని పెద్దాయన ఒప్పుకోలేదు. ఆయన పాత చైను ముక్కని ఇనప పట్టీకి బిగించి తయారుచేసుకున్న సాధనం ఒకటుంది. ఇంగ్లీషులో దాన్ని చైన్ విప్, అంటే చైను కొరడా, అంటారు. ఆయన "పట్టుడు చైను" అంటాడు. లాక్‌రింగ్ విప్పేటప్పుడు చక్రాలు వెనక్కి తిరిగిపోకుండా పట్టుకునేది అదే. నాకు ఆ మాట కొరడా కన్నా నచ్చింది, పని పేరులోనే ఉంది.

కొత్తది నా చేతే తొడిగించాడు. ముందు రెండుసార్లు దిగలేదు. "బలం వద్దు సార్, సన్న గాడి వెతుకు" అన్నాడు. వేలితో తడిమి, దానికి ఎదురుగా క్యాసెట్ లోపలివైపున్న సన్న పన్ను పెట్టి వదిలితే సర్రున జారి కూర్చుంది. తర్వాత లాక్‌రింగ్ తిప్పితే చివర్లో కరకరమని చప్పుడు. నేను భయపడి ఆపితే, "అది పట్టే చప్పుడే, ఇంకొంచెం" అన్నాడు.

బిల్లు అడిగాను. కుర్రాడు రాసిచ్చాడు: "ఫ్రీవీల్ - 1, చైను - 1."